ప్రాతబడిన విలాస మోటారుకార్లు: కూలెంటు స్రావము, విద్యుద్దోషముల నిదానము

మిక్కిలి వెలపెట్టి కొన్న మోటారుకారు ప్రాతబడినపుడు యజమానికి కలుగు క్లేశములలో రెండు ప్రధానమైనవి. ఇంజనును చల్లార్చు ద్రవము, అనగా వాడుకలో కూలెంటు అనబడునది, ఏదో యొక సందున వెలికి పోవుట మొదటిది. విద్యున్మండలమున ఎచ్చటనో పట్టు సడలి దీపములును సూచికలును చిన్న మోటారులును తమ యిచ్చ వచ్చినట్లు ప్రవర్తించుట రెండవది. ఈ రెండింటికిని సమానధర్మ మొకటి కలదు. దోషము పుట్టిన చోటును, అది కంటబడు చోటును సాధారణముగా వేర్వేరుగా నుండును. గేరుబాక్సు క్రింద కనబడిన తడి ఇంజను నడినెత్తిన పుట్టినదై యుండవచ్చును, ఎ.బి.ఎస్. దీపము వెలుగుటకు బ్రేకులతో నేమియు సంబంధము లేని యొక రిలేలోని టంకపు పగులు కారణము కావచ్చును. కావున ఇట్టి కార్ల విషయమున మరమ్మతుకంటె నిదానమే కష్టతరము. అది కుదిరిన పిదప మిగులునవి కూలియు సామాను ఖరీదును మాత్రమే. అది కుదరనిచో ఒకదాని వెనుక నొకటిగా మంచి భాగములను మార్చుచు, చెడిన భాగమును మాత్రము యథాస్థానమున నుంచి, కారు ధరను మించిన ధనమును వ్యయపఱచుట తటస్థించును.

ఇందు ప్రాతకార్లన నూఱేండ్లనాటి ప్రదర్శన వస్తువులు కావు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను కొఱకు తయారై నేడు హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున నిలిచియున్న రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టు వంటి వాని సంరక్షణము వేఱొక విద్య. ఇచట ఉద్దేశింపబడినవి 1980 మొదలు 2005 ప్రాంతము వఱకు తయారై, నేటికి ఇరువది, ముప్పది యేండ్లు నిండియు ఇంకను రోడ్లపై తిరుగుచున్నవి: మెర్సిడెస్ బెంజి వారి డబ్ల్యు 126 (1979–91), డబ్ల్యు 124, డబ్ల్యు 140 (1991–98); బి.ఎం.డబ్ల్యు. ఏడవ శ్రేణిలోని ఇ 38 (1994–2001), ఇ 65 (2001–08), జాగ్వార్ ఎక్స్.జె. 8, 1989లో వెలువడిన లెక్సస్ ఎల్.ఎస్. 400. వీనిలో డబ్ల్యు 124 మనదేశమునకు సన్నిహితమైనది. పుణే నగరమున మెర్సిడెస్ సంస్థ 1995లో మొట్టమొదట కూర్చిన కారు అదియే.

ఇట్టి కారును కొనువారు మీటరుపై తక్కువ కిలోమీటరులు కనబడగానే మురిసిపోవుట కలదు. ఇది పొరపాటు. కూలెంటు గొట్టములయందలి రబ్బరును, ట్యాంకులయందలి గాజునార కలిపిన నైలానును, తీగలపైనున్న తొడుగును క్షీణింపజేయునది దూరము కాదు, కాలమును వేడియును. ఏడాదికి రెండువేల కిలోమీటరులు మాత్రము తిరిగి షెడ్డులో నిలిచియున్న కారునకును నైలాను వయస్సు పెరుగుచునే యుండును. అంతేకాక కూలెంటు కదలక రబ్బరు సీళ్ళు ఎండి బిగిసిపోవును. విలాసమే యిందు మఱియొక చిక్కు కల్పించును. చప్పుడు లోపలికి రాకుండుటకై ఇంజనుపైన మూతలును, క్రింద వెడల్పైన పళ్ళెములును బిగింపబడి యుండును. క్రింది పళ్ళెము కారిన ద్రవమును తనలో నిలుపుకొని నేలపై చుక్క పడనీయదు. యజమాని ప్రతిదినమును కారు క్రింద వంగి చూచి, పొడిగనే యున్నదని సంతోషించుచుండగా ట్యాంకులో మట్టము తగ్గుచునే యుండును. పళ్ళెమును విప్పక కూలెంటు కారుట లేదని నిర్ణయించుట అవివేకము.

శీతలీకరణ మండలము

కూలెంటు సాధారణముగా ఇథిలీన్ గ్లైకాలును నీటిని సమపాళ్ళలో కలిపిన మిశ్రమము. ఇది గడ్డకట్టుటకు ఉష్ణోగ్రత సున్నకు దిగువ 37 డిగ్రీల సెంటీగ్రేడు వఱకు తగ్గవలెను. ఆ గుణముతో మన ప్రాంతములకు పనిలేదు గాని, దీని మఱుగు స్థానము నీటికంటె అధికమగుటయు, లోహములు క్షయింపకుండ కాపాడు రసాయనములు ఇందుండుటయు మనకును ఆవశ్యకములే. సాధారణ వాయుపీడనమున ఈ మిశ్రమము సుమారు 107 డిగ్రీలవద్ద మఱుగును. మండలమును మూతతో బిగించి పీడనమును ఒక బార్ పెంచినచో మఱుగు స్థానము దాదాపు 130 డిగ్రీలకు చేరును. కావున ట్యాంకు మూత వట్టి బిరడా కాదు, పీడనమును నిలుపు కవాటము. దానిపై 140 అని అచ్చువేసియున్నచో 1.4 బార్ వఱకును, 200 అని యున్నచో 2 బార్ వఱకును అది పీడనమును ఆపునని యర్థము. స్ప్రింగు సడలిన మూత గల కారు, గొట్టములెచ్చటను చిట్లకయే, ఆవిరి రూపమున కూలెంటును కోల్పోవుచుండును. మూత ఖరీదు స్వల్పము; దానిని పరీక్షింపక రేడియేటరు మార్పించినవారు పెక్కండ్రు. ఇంజను వేడిగానున్నపుడు ట్యాంకు మూతను తీయరాదని వేఱుగా చెప్పనక్కరలేదు గాని, పీడనము తొలగిన మఱుక్షణమే ద్రవమంతయు మఱిగి పైకెగయుటయే ఆ నిషేధమునకు కారణమని తెలిసియుండుట మంచిది.

స్రావమునకు వేళ కలదు. కొన్ని సందులు ఇంజను చల్లారినపుడు మాత్రమే కారును; క్లిప్పు క్రింది రబ్బరు చలికి ముడుచుకొని వేడికి ఉబ్బుటచేత తెల్లవాఱుజామున చుక్కలు పడి, కారు నడిచిన వెంటనే ఆగిపోవును. మఱికొన్ని పగుళ్ళు వేడియు పీడనమును పరాకాష్ఠ నందినపుడే తెఱచుకొని, కారిన ద్రవము వేడి లోహముపైబడి ఆవిరియై పోవుటచేత, జాడ మిగుల్పవు. అట్టియెడ ఆధారము రంగు పొరయే. నీరు ఆవిరియైన పిదప మిగిలిన గ్లైకాలును లవణములును తెల్లగనో, కొంచెము పచ్చగనో, నీలముగనో గట్టిపడి యుండును. ఆ పొరను టార్చిలైటుతో వెంబడించి పైకి పోవలెను. ద్రవము క్రిందికి జారును, ఫ్యాను గాలికి వెనుకకు కొట్టుకొనిపోవును. కావున మూలము తడికంటె పైననో ముందుననో ఉండుట తఱచు. తీపిగానుండు వాసన మఱియొక గుఱుతు. ఇథిలీన్ గ్లైకాలు విషమగుటయు, దాని తీపికి కుక్కలు, పిల్లులు నేలపై పడినదానిని నాకి ప్రాణము విడుచుటయు ఇచ్చట స్మరింపదగినవి.

చూపున కందని దానిని పట్టుటకు పీడన పరీక్షను మించిన ఉపాయము లేదు. ఇంజను పూర్తిగా చల్లారిన పిదప మూత స్థానమున చేతిపంపును బిగించి, మూతపై చెప్పబడిన పీడనమును మించకుండ గాలి నెక్కించి, పంపుపైనున్న ముల్లును గమనింపవలెను. పావుగంటలో ముల్లు కదలనిచో మండలము గట్టిగా నున్నదని స్థూలముగా చెప్పవచ్చును. అనుమానము తీరనిచో రాత్రియంతయు అట్లే విడిచి ఉదయమున చూచుట ఉత్తమము. ముల్లు పడిపోవుచుండియు వెలుపల తడి కనబడనిచో ద్రవము లోపలికి, అనగా సిలిండరులోనికో, నూనెలోనికో, కారు గదిలోని హీటరులోనికో పోవుచున్నదని యర్థము. అతినీలలోహిత కాంతిలో మెఱయు రంగును కూలెంటున కలిపి, కొన్ని దినములు నడిపి, చీకటిలో ఆ దీపముతో వెదకుట రెండవ ఉపాయము. మెల్లగా కారువానికి ఇదియే అనువైనది.

ప్రతి కారునకును తనకు సహజమైన బలహీన స్థానములు కలవు. వానిని ముందుగా తెలిసికొనుట సగము నిదానము. 1990లలోని కొన్ని బి.ఎం.డబ్ల్యు. ఇంజనులలోను, జాగ్వార్ ఎ.జె. వి 8 ఇంజనులలో తొలినాటి వానిలోను నీళ్ళ పంపు రెక్కల చక్రము ప్లాస్టిక్కుతో చేయబడెను. అది పగిలినను, ఇరుసుపై వదులై తిరిగినను, చుక్క కారకయే ఇంజను వేడెక్కును. బి.ఎం.డబ్ల్యు. ఎం 62 అను ఎనిమిది సిలిండర్ల ఇంజనున రెండు వరుసల నడుమనున్న లోయవంటి భాగము ఒక పలకతో మూయబడి, ఆ పలక క్రింద కూలెంటు ప్రవహించును. పలక గాస్కెట్టు చెడినచో ద్రవము లోయలో నిండి, ఇంజను వెనుకభాగమున పొరలి, గేరుబాక్సు గూటిపైనుండి క్రిందికి జారును. క్రిందనుండి చూచినవానికి ఇది గేరుబాక్సు దోషముగా తోచుట సహజము. గాలి లోపలికి పోవు ఇన్‌టేక్ మానిఫోల్డును ఎత్తినగాని సత్యము బయల్పడదు.

దాని తరువాత వచ్చిన ఎన్ 62 ఇంజనున ఈ కథ మఱింత జటిలమైనది. ఇందు ముందునున్న నీళ్ళ పంపునుండి ఇంజను వెనుకకు కూలెంటును కొనిపోవు గొట్టమొకటి ఆ లోయయందే సాగియుండును. గొట్టము ముందుకొసనున్న రబ్బరు సీలు యేండ్ల వేడికి గట్టిపడి పగులును. కారిన ద్రవము, అట్టి యాపదను తెలుపుటకే యేర్పఱుపబడిన చిన్న రంధ్రముగుండ, పంపునకు సమీపముననే వెలువడును. మెకానిక్కు తడిని చూచి, పంపు పోయినదని చెప్పి, క్రొత్త పంపు బిగించును. కొన్ని దినములకు చుక్కలు మరల ఆరంభమగును. తడి పంపు అంచుననుండి వచ్చుచున్నదా, ఆ రంధ్రమునుండి వచ్చుచున్నదా యను భేదమును చిన్న అద్దమును లోపలికి చొప్పించి చూచినచో నిశ్చయింపవచ్చును. తయారీదారుల పద్ధతి ననుసరించి ఆ గొట్టమును మార్చుటకు ఇంజను ముందుభాగమున టైమింగు కవరులు విప్పవలెను. పనికూలి అందుచేతనే భయంకరము. పాత గొట్టమును లోయయందే కోసి తీసివైచి, పొడవు కుదించి సాగదీయదగిన క్రొత్త గొట్టమును అమర్చు పద్ధతిని స్వతంత్ర తయారీదారులు ప్రవేశపెట్టిరి. కార్య సౌలభ్యము దృష్ట్యా ఇది మేలైనదని చెప్పక తప్పదు.

కారులోపల ముందు అద్దమునకు తుడిచిన కొలది జిడ్డు పొర పట్టుచుండుటయు, తీపివాసనయు, కాలిక్రింది తివాచీ తడియగుటయు హీటరు చిన్న రేడియేటరు కారుచున్నదనుటకు లక్షణములు. కాని కోస్తా ఉక్కపోతలో ఏ.సి. నడచునపుడు చల్లని కాయిలుపై చేరిన నీరు, బయటికి పోవు గొట్టము పూడినచో, అదే తివాచీని తడుపును. వ్రేలితో తాకి చూచినచో భేదము తెలియును. నీటికి జిడ్డును వాసనయు నుండవు.

దారిలో చిక్కుకొన్న లారీ డ్రైవరులు రేడియేటరున పసుపు పోసి చిల్లు పూడ్చుకొని ఊరు చేరుట మనయెడ చిరకాలముగ నున్న ఉపాయమే. డబ్బాలలో అమ్మబడు లీకు నివారణ చూర్ణములును తత్త్వతః అట్టివే. లారీ వెడల్పైన నాళములకు అవి పెద్ద హాని చేయవేమో గాని, విలాస కార్ల హీటరులలోని సన్నని నాళములలో చేరి పూడ్చివైచును. ఊరు చేరుటకు తప్ప వానిని వాడరాదు. బోరు నీటిని పోయుటయు ఇట్టిదే. తెలంగాణా, రాయలసీమల బోరు నీటిలో అధికముగనుండు సున్నపు లవణములు వేడి లోహముపై పొరలై పేరుకొని ఉష్ణప్రసరణమును ఆపును. స్వేదన జలము తప్ప మఱియొకటి పనికిరాదు. భిన్నజాతుల కూలెంటులను కలుపరాదు. కొన్ని కలిసినచో గుజ్జుగా మాఱి నాళములను పూడ్చును.

అంతఃస్రావము

ద్రవము వెలుపల కనబడక తగ్గుచున్నపుడు హెడ్ గాస్కెట్టు పోయెనని చెప్పుట మెకానిక్కులకు పరిపాటి. ఈ తీర్పు సత్యమగుటయు కలదు, తొందరపాటగుటయు కలదు. నూనె మూత లోపల తెల్లని వెన్నవంటి పదార్థము కనబడుట ఒక్కటియే ప్రమాణము కాదు. దగ్గఱి దూరములకే తిరుగు కారునందు ఆవిరి చల్లారి నూనెతో కలిసినను అట్లే యుండును. నూనె కొలుచు పుల్ల చివర అదే పదార్థము కనబడినపుడు శంకింపవలెను. నిశ్చయమునకు రసాయన పరీక్ష కలదు. ట్యాంకు నోటివద్ద చేరిన గాలిని బ్రోమోథైమాల్ బ్లూ అను నీలిద్రావణముగుండ పీల్చినపుడు ద్రావణము పసుపుపచ్చగా మాఱినచో, మండిన వాయువులలోని బొగ్గుపులుసు గాలి కూలెంటులో చేరుచున్నదని నిర్ధారణ. ఆ పిదప స్పార్కు ప్లగ్గుల రంధ్రములగుండ సన్నని కెమెరాను దింపి చూడవలెను. ఏడు పిస్టనులు నల్లగా మసిబారి, ఎనిమిదవది కడిగినట్లు మెఱయుచున్నచో దోషి అదియే. అందు చేరిన కూలెంటు ఆవిరియై మసిని కడిగివైచినది.

విద్యుద్దోషములు

ఎట్టి విద్యుద్దోషము కనబడినను ప్రారంభము బ్యాటరీవద్దనే. కొన్ని గంటలు విశ్రాంతిగా నున్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపవలెను, 12.0 చూపుచున్నచో అందు నాల్గవవంతు శక్తియే మిగిలియుండును. ఇంజను నడచుచుండగా ఆల్టర్నేటరు 13.8 నుండి 14.4 వఱకు ఇయ్యవలెను. ఈ కార్లలోని చిన్న కంప్యూటరులు తక్కువ వోల్టేజిని సహింపవు. స్టార్టరు తిరుగునపుడు వోల్టేజి మిక్కిలి పడిపోయినచో గేరుబాక్సు, ఎ.బి.ఎస్., ఎయిర్ బ్యాగు మొదలైనవన్నియు ఒక్కమాఱుగా దోషములను ప్రకటించును. ఇరువది దోష సంకేతములను చూచి భయపడి కంప్యూటరులు కొనుటకంటె, బ్యాటరీని రాత్రియంతయు ఛార్జిచేసి, సంకేతములను చెఱిపి, మరల వచ్చినవానిని మాత్రమే వెదకుట మేలు.

ఎర్తు, అనగా ఇంజనును కారు శరీరముతోను శరీరమును బ్యాటరీ ఋణధ్రువముతోను కలుపు తీగ, వయస్సు మీఱిన కార్లలో ప్రథమ శంకనీయము. ఇ 38 మొదలగు వానిలో బ్యాటరీ డిక్కీలో నుండుటచేత విద్యుత్తు కారు పొడవునను ప్రయాణింపవలసి యుండును. మార్గములోని ప్రతి బోల్టును త్రుప్పునకు నెలవే. దీనిని ఓము మీటరుతో పరీక్షించువారు మోసపోవుదురు. ఒక్క పోగు మిగిలిన మోకు చెంబును పైకి తేవచ్చును గాని నిండు బిందెను తేలేదు. అట్లే ఒక్క పురి మిగిలిన తీగ మీటరు పంపు స్వల్ప విద్యుత్తును నిరాటంకముగ మోసి దోషమేమియు లేదని చెప్పించును. అందు 0.05 ఓము నిరోధమున్నదనుకొన్నను, స్టార్టరు 150 ఆంపియరులు లాగినపుడు ఏడున్నర వోల్టులు ఆ తీగయందే హరించిపోవును. కావున పని జరుగుచుండగానే కొలువవలెను. ఒకడు తాళపుచెవి త్రిప్పుచుండగా మఱియొకడు మీటరు ఒక కొసను ఇంజను లోహముపైనను, రెండవ కొసను బ్యాటరీ ఋణధ్రువముపైనను ఉంచినచో, అరవోల్టును మించిన యంకె ఎర్తు దోషమునకు సాక్ష్యమగును.

రాత్రికి రాత్రియే బ్యాటరీ ఖాళీయగుట విలాస కార్లకు ప్రత్యేకించిన వ్యాధి. నిలిపిన కారు లాగు విద్యుత్తు సాధారణముగా 50 మిల్లీ ఆంపియరులకు లోబడి యుండవలెను. అంతమాత్రమునకు 80 ఆంపియరు గంటల బ్యాటరీ రెండు నెలలు నిలుచును. ఒక ఆంపియరు లాగినచో మూడునాళ్ళకే మొండికెత్తును. కాని తాళము వేసిన వెంటనే కొలుచుట వ్యర్థము. ఇ 38, దాని సమకాలికమైన ఇ 39 కార్లలో కంప్యూటరులన్నియు నిద్రించుటకు సుమారు 16 నిమిషములు పట్టును. తలుపు తెఱచి పనిచేయుటకై గడియను స్క్రూడ్రైవరుతో మూసి, తలుపు మూయబడినదని కారును నమ్మించి, వేచియుండవలెను. గేరు మీట ప్రక్కనుండు చిన్న దీపము ఆఱినదనగా కారు నిద్రించినదని గుఱుతు. అప్పటికిని విద్యుత్తు తగ్గనిచో ఏ ఫ్యూజు వెంట పోవుచున్నదో చూడవలెను. ఫ్యూజులను ఒక్కొక్కటిగా ఊడబెఱుకుట పాతకాలపు పద్ధతి. ఊడదీసి పెట్టినపుడెల్ల ఏదో యొక కంప్యూటరు మేల్కాంచి లెక్క తాఱుమాఱగును. ఫ్యూజు వీపుననుండు రెండు లోహపు చుక్కలపై మీటరు మొనలనుంచి మిల్లీ వోల్టులను కొలిచినచో, సున్న కాని యంకె చూపిన ఫ్యూజులో విద్యుత్తు పాఱుచున్నదని, దేనిని కదలింపకయే తెలియును. ఈ కార్లలో తఱచు పట్టుబడు దొంగ, ఏ.సి. బ్లోయరు వేగమును నియంత్రించు చిన్న భాగము. ఎయిర్ బ్యాగుల పసుపుపచ్చ కనెక్టరులను మాత్రము టెస్టు లాంపుతో తాకరాదు, అది ప్రాణాపాయకరము.

తీగల తొడుగు విషయమున 1992 నుండి 1995 వఱకు తయారైన మెర్సిడెస్ కార్లు చెడ్డపేరు తెచ్చుకొన్నవి. ఆ కాలమున ఇంజను వైరింగునకు వాడిన తొడుగు వేడికి ఎండి బిస్కట్టువలె పొడియై రాలును. లోపలి రాగి తీగలు ఒకదానికొకటి తగిలి ఇంజను తడబడును, మంట తప్పును, గేరుబాక్సు ఒక్క గేరులోనే బిగుసుకొనును. డబ్ల్యు 124, డబ్ల్యు 140 కార్లను కొనువారు ఇంజనువద్ద తీగలపైని గొట్టమును కొంచెము వెనుకకు జరిపి తీగ నొకదానిని సున్నితముగ వంచి చూడవలెను. అయితే ఎండిన తొడుగును వంచుటయే దానిని విఱుచుట కావచ్చును. కారు అప్పటివఱకు నడచుచుండినచో, పరీక్షించినవాడే చెఱచెనను నింద తప్పదు. టేపు చుట్టుట దీనికి చికిత్స కాదు, వైరింగునంతయు మార్చవలెను. అంతకు పూర్వపు డబ్ల్యు 124, డబ్ల్యు 126 కార్లలో అధిక వోల్టేజినుండి కాపాడు రిలే యొకటి కలదు. పై భాగమున ఫ్యూజు తగిలించుకొని యుండుటచేత దానిని సులభముగ గుర్తింపవచ్చును. అందలి టంకము పగిలినచో ఎ.బి.ఎస్. దీపము వెలుగును, ఇంజను నిలకడగా నడువదు.

ఇంకను కొన్నింటిని త్వరితముగ పేర్కొందము. డిక్కీ మూత కీలువద్ద వేలసార్లు వంగిన తీగలు తొడుగులోపల తెగును. నెంబరు ప్లేటు దీపము మూతను ఎత్తినపుడు వెలిగి దించినపుడు ఆఱుట దీనికి గుఱుతు. వేడెక్కిన ఇంజను హఠాత్తుగా ఆగి, అరగంట చల్లారినంతనే మరల నడచినచో క్రాంకు సెన్సరును శంకింపవలెను. లెక్సస్ ఎల్.ఎస్. 400 తొలి నమూనాలో స్టీరింగు పంపు నూనె కారి క్రిందనున్న ఆల్టర్నేటరుపై పడును. ఆల్టర్నేటరును మాత్రము మార్చినవాడు కొంతకాలమునకు దానిని మరల మార్చును. వేపచెట్టు క్రింద నిలిపిన కారునకు ముందు అద్దము దిగువ కాలువలు ఆకులతో పూడి, తొలకరి వానకే నీరు లోపలికి చేరి కంప్యూటరులను తడుపును.

దోష సంకేతములను చదువు యంత్రమునకు మన షెడ్డులలో నేడు అపారమైన గౌరవము కలదు. అంత గౌరవము దానికి తగదు. అమెరికాలో 1996 నమూనాలనుండి నిర్బంధమైన ప్రమాణ సంకేతములు ప్రధానముగ పొగకు సంబంధించినవి, తలుపులు, ఏ.సి., సీట్లు మొదలగు వానిని గుఱించి చౌక యంత్రము నోరెత్తదు. డబ్ల్యు 140లోని గుండ్రని 38 రంధ్రముల కనెక్టరునకును, ఇ 38 ఇంజను గదిలోని 20 పిన్నుల కనెక్టరునకును తగిన యంత్రములు వేఱుగా కావలెను. యంత్రము చెప్పినను, చెప్పునది దోషము సోకిన మార్గమునే గాని చెడిన వస్తువును కాదు. పి 0128 అను సంకేతము కూలెంటు తగినంత వేడెక్కుట లేదని మాత్రమే పలుకును. థర్మోస్టాటు తెఱచుకొని నిలిచిపోయెనా, కూలెంటు తక్కువయై సెన్సరు గాలిలో నున్నదా, సెన్సరే అబద్ధమాడుచున్నదా యనునది మనుష్యుడే తేల్చుకొనవలెను.

ఉభయ సంధి

పై రెండు మండలములును వేర్వేరని తలచు మెకానిక్కు ఎన్నో దోషములను చేజార్చుకొనును. 1990ల చివరి కొన్ని ఎనిమిది సిలిండర్ల ఇంజనులలో బి.ఎం.డబ్ల్యు. వారు ఆల్టర్నేటరును గాలితో గాక కూలెంటుతోనే చల్లార్చునట్లు నిర్మించిరి. దాని గూటి సీలు చెడినపుడు కూలెంటు కారును, నిర్లక్ష్యము చేసినచో ఛార్జింగును పోవును. ట్యాంకు నిండుగా నుండియు మట్టము తగ్గెనని దీపము వెలుగుచున్నచో, అది ట్యాంకు క్రిందనున్న తేలెడు స్విచ్చి దోషము, కూలెంటుతో పనిలేదు. ట్రాఫిక్కులో నిలిచినపుడే వేడెక్కి, దారి దొఱికి వేగమందుకోగానే చల్లారు కారునకు కూలెంటు లీకునకంటె ఫ్యాను మోటారు, దాని రిలే, ఫ్యూజు ముందుగా పరీక్షార్హములు. బి.ఎం.డబ్ల్యు. వారి ఉష్ణమాపక ముల్లు విశాలమైన అవధిలో నడిమినే నిలుచునట్లు కూర్పబడినది. అది కదలిన వేళకు ఆలస్యమైనదని తెలియవలెను. సెన్సరు కనెక్టరులో చేరిన కూలెంటు తీగ పోగుల నడుమ ప్రాకి దూరమునున్న మఱియొక కనెక్టరులో ఆకుపచ్చని చిలుముగా బయటపడుటయు కలదు. సెన్సరును విప్పి నిరోధమును కొలిచినచో సందేహము తీఱును. బోష్ వారి సామాన్య సెన్సరు 20 డిగ్రీలవద్ద సుమారు 2,500 ఓములును, 80 డిగ్రీలవద్ద సుమారు 300 ఓములును చూపును.

వీనిలో సూక్ష్మతమమైనది కూలెంటులోనే విద్యుత్తు పాఱుట. ఎర్తు చెడినపుడు స్టార్టరునకో ఫ్యానునకో తిరుగుదారి దొఱకక, విద్యుత్తు కూలెంటు మార్గమున పోయి, అల్యూమినియపు రేడియేటరును హీటరును లోపలినుండి తొలిచివేయును. ఏడాది తిరుగకయే రెండవ రేడియేటరు చిల్లుపడినచో ఈ పరీక్ష తప్పక చేయవలెను. మీటరు ఋణపు మొనను బ్యాటరీ ఋణధ్రువమునకు తగిలించి, ధనపు మొనను, లోహమునకు తగులకుండ, చల్లని ట్యాంకులోని కూలెంటులో ముంచి, దీపములను, ఫ్యానును, స్టార్టరును ఒక్కొక్కటిగ పనిచేయింపవలెను. 0.3 వోల్టులను మించిన యంకె అపాయకరము. ఏ పరికరమును వేసినపుడు అంకె పెరిగెనో ఆ పరికరపు ఎర్తు చెడినది. బ్యాటరీని విప్పివైచి రేడియేటరు లోహముతో పోల్చి కొలిచినను వోల్టేజి మిగిలియున్నచో దోషము కూలెంటుదే. అందలి రక్షక రసాయనములు అరిగి, అది లోహములతో కూడి తానే యొక బ్యాటరీయై యున్నది. అట్టిదానిని పాఱబోసి, మండలమును కడిగి, క్రొత్తది పోసి, గాలి బుడగలు లేకుండ హీటరు తెఱచి గాలి తీయవలెను.

ప్రాత విలాస కారును కొనదలచినవారు రంగును, తోలు సీట్లను, సంగీత యంత్రమును చూచుటకు ముందు రెండు పరీక్షలను కోరవలెను: చల్లని ఇంజనుపై పావుగంట పీడన పరీక్ష, తాళము వేసి అరగంట నిలిపిన పిదప విద్యుత్తు కొలత. రెండింటికిని కలిపి గంటసేపు చాలును, ఖర్చు స్వల్పము. వీనికి అంగీకరింపని విక్రేతయొద్ద, ధర ఎంత తక్కువయైనను, కారు కొనరాదు.